దిద్దకముందే ఒకటి

ప్రిన్సిపాల్ గది ముందు నుంచి ఆ అమ్మాయిని లేపడానికి వెళ్ళిన ముగ్గురూ మొహాలు వేలాడేసుకుని తిరిగొచ్చాక, చెల్లెలిని పంపారు.

కాలేజీలో ఆమెను అందరూ చెల్లెలుగారు అనే పిలుస్తారు. మార్కుల పద్ధతి చూసే పెద్ద మేడమ్‌కి సొంత చెల్లెలు, అక్క మాట మీద ఉద్యోగంలో చేరింది, ఇంకా పర్మనెంట్ కాలేదు. ఆ మూడు సంగతులూ ఆ ఒక్క పిలుపులో సర్దుకుపోతాయి.

"మీరైతే మెత్తగా మాట్లాడతారు, వెళ్ళండి," అన్నాడు లెక్కల మాస్టారు టీ గ్లాసు కింద పెట్టి. "గట్టిగా మాట్లాడితే ఏడుస్తుందేమోనని భయపడ్డాను. తీరా చూస్తే నన్నే ఏడిపించేలా ఉంది."

పొద్దున ఆ అమ్మాయి సందర్శకుల బల్ల మీద కూర్చుంది. మధ్యాహ్నానికి ప్రిన్సిపాల్ ఆ బల్ల తీయించేశాడు. ఇప్పుడు గోడకు చేరబడి నేల మీద కూర్చుంది. సంచీ ఒళ్ళో పెట్టుకుని దాని మీద రెండు చేతులూ వేసుకుంది. వచ్చేపోయేవాళ్ళు కాళ్ళు తగలకుండా చుట్టు తిరిగి వెళుతున్నారు. కొందరు తగిలించే వెళుతున్నారు.

చెల్లెలు ఆమె పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. "ఏమ్మా, ఏమైనా తిన్నావా?"

"నాకు ఒకటి వేసింది ఎవరు మేడమ్?"

"ఒకళ్ళే వెయ్యరమ్మా. ఇద్దరు విడివిడిగా దిద్దుతారు. ఒకళ్ళు వేసింది ఇంకొకళ్ళకి తెలియదు. ఇద్దరూ నాలుగుకి ఒకటే వేశారంటే ఇక అందులో..."

"అది ఆఫీసులో చెప్పారు. రెండోవాళ్ళూ ఒకటే వేశారు కాబట్టి తప్పు నాదే అన్నారు." ఆ అమ్మాయి గొంతు పెంచలేదు. "మేడమ్, మా ప్రాజెక్టు రిపోర్టులు దిద్దడానికి వారం ముందు లెక్కల సార్ మా క్లాసులో ఒక వాక్యం చదివారు. 'ఒకటి మార్కు అంటే ఎలా ఉంటుందో చెవులారా వినండి' అని. క్లాసంతా పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వకపోతే నాదని తెలిసిపోతుందని."

ఆ అమ్మాయి సంచీని ఒళ్ళోకి ఇంకాస్త లాక్కుంది.

"అప్పటికి మా కట్టలు విప్పనే లేదు కదా. మరి నాది ఒకటి అని సార్‌కి ముందే ఎలా తెలిసింది?"

"ఏ వాక్యం చదివారు?"

"'ముసలివాళ్ళు మందును పేరుతో కాదు, రంగుతో నమ్ముతారు.'"

ఆ వాక్యం చెల్లెలికి తెలుసు. అప్పట్లో ఆమె దాని కింద పెన్సిలుతో గీత కూడా గీసింది.

అది శిక్షణ రోజు సంగతి. అంతకుముందు కాలేజీలో ఎవరి దిద్దుబాటు వాళ్ళది. ఒక విభాగంలో మొదటి తరగతి వచ్చే పేపరు ఇంకో విభాగంలో అత్తెసరుతో గట్టెక్కేది. అక్క రెండేళ్ళు కాలికి బలపం కట్టుకుని తిరిగి అందరికీ ఒకే కొలత తెచ్చింది. భాష, ఆధారాలు, విశ్లేషణ, ముగింపు చూసి ఒకటి నుంచి నాలుగు దాకా వెయ్యాలి. ఒకటి పడితే తప్పినట్టే. దిద్దే ముందు అధ్యాపకులంతా ఒక గదిలో కూర్చుని, ఒకే నమూనా రిపోర్టు చదివి, ఎన్ని మార్కులో వేళ్ళెత్తి చూపించాలి. వేళ్ళు కలవకపోతే మాట్లాడుకుని కలిసేదాకా ఎత్తాలి. నమూనాలు పాత బ్యాచ్‌ల నుంచే తియ్యాలన్నది అందులో మొదటి నియమం. ఎందుకంటే ఒకసారి అందరూ కలిసి ఒకటి అనుకున్న రిపోర్టుకు ఆ తర్వాత ఎవరి చేతిలో పడినా ఒకటే పడుతుంది. చదవక్కర్లేదు, గుర్తుపడితే చాలు.

ఆ రోజు ఆ వాక్యం ఉన్న మందుల రిపోర్టుకు గదిలో అందరూ ఒక్క వేలెత్తారు. చెల్లెలు మూడు ఎత్తింది.

"చెల్లెలుగారికి రంగురంగుల మాత్రలు నచ్చినట్టున్నాయి," అన్నాడు లెక్కల మాస్టారు. గది ఘొల్లుమంది.

"భాష బాగోలేదు, నిజమే. కానీ ఈ పిల్ల ఇళ్ళిళ్ళూ తిరిగింది. చీటీ చదవలేని ముసలివాళ్ళు ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో ఎలా గుర్తుపెట్టుకుంటున్నారో కళ్ళారా చూసి రాసింది," అంది చెల్లెలు.

"మళ్ళీ ఒకసారి చూసుకో," అంది అక్క నవ్వుతూ. ఆ నవ్వు చూసి చెల్లెలు రెండు వేళ్ళు ముడుచుకుంది.

పాత బ్యాచ్‌దేలే, ఎవరి కొంప మునుగుతుంది అనుకుంది అప్పుడు.

"మేడమ్," అంటోంది ఆ అమ్మాయి. "ఆసుపత్రి మందుల విభాగంలో నన్ను తీసుకుంటామన్నారు. పాసైతేనే. ఇంకో ఏడాది చదివించడం మా నాన్న వల్ల కాదు. ఒకటి ఎందుకు వేశారని నేను అడగడం లేదు. ఎవరు వేశారో చెబితే లేచి వెళ్ళిపోతాను."

"కనుక్కుంటానమ్మా," అని చెల్లెలు లేచింది. మోకాళ్ళకు అంటిన దుమ్ము కూడా దులుపుకోలేదు.

స్టాఫ్ రూములో అందరి తలలూ ఇటు తిరిగాయి.

"లేచిందా ఒకటి?" అన్నాడు లెక్కల మాస్టారు.

ఆ పిల్లకు అప్పటికే ఆ పేరు స్థిరపడిపోయింది.

*

మర్నాడు ఆ అమ్మాయి తండ్రిని పిలిపించారు.

ఆయన దర్జీ. కుడుతున్న బట్ట మిషను మీదే వదిలేసి వచ్చినట్టున్నాడు, మెడలో టేపు వేలాడుతూనే ఉంది, చొక్కా జేబు అంచుకు గుండుసూదులు గుచ్చి ఉన్నాయి. ప్రిన్సిపాల్ కూర్చోమనలేదు. తలుపు బార్లా తెరిచి ఉంచాడు, బయట నేల మీదున్న కూతురికి ప్రతి మాటా వినిపించాలని.

"మీ అమ్మాయి రాసింది చదువుతాను వినండి," అని రిపోర్టు తీశాడు. తడబడిన వాక్యాలు ఏరి మరీ చదివాడు. ప్రతి వాక్యం తర్వాతా ఆగి, కళ్ళజోడు పైనుంచి ఆయన వంక చూశాడు. "ఇది డిగ్రీ ఆఖరి ఏడాది పిల్ల రాతలా ఉందా? మీరే చెప్పండి."

"నాకేం తెలుసండి, నేను చదువుకోలేదు."

"అందుకే మేం చెబితే నమ్మాలి."

"నమ్ముతానండి." ఆయన చేతులు జోడించాడు. "పిల్ల తెలియక చేసింది. క్షమించండి." తర్వాత గుమ్మంలోకి వచ్చి కూతురి ముందు నిలబడ్డాడు. "లే."

ఆ అమ్మాయి లేవలేదు.

"నలుగురిలో నా చేత చేతులు జోడింపించావు. లేస్తావా, లేవవా?"

"నువ్వు జోడించకుండా ఉండాల్సింది నాన్నా."

దర్జీ టేపు మెడలోంచి లాగాడు. కొడతాడేమోనని గుమాస్తా ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆయన దాన్ని వేళ్ళ చుట్టూ చుట్టి జేబులో పెట్టుకున్నాడు. "అయితే ఇక్కడే ఉండు. మన ఇంటి గుమ్మం తొక్కకు," అని వెనక్కి చూడకుండా మెట్లు దిగిపోయాడు.

ప్రిన్సిపాల్ గంట కొట్టి అటెండరును పిలిచాడు. "వరండా అంతా మురికిగా ఉంది. ఫినాయిల్ వేసి కడుగు."

"అమ్మాయి కూర్చుని ఉందండి."

"కడగమన్నాను కదయ్యా."

అటెండరు రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. బకెట్టు తెచ్చాడు. ఆ అమ్మాయి దాకా వచ్చాక గుడ్డతో నీళ్ళను పక్కకు మళ్ళించడానికి నానా తంటాలూ పడ్డాడు. నీళ్ళు ఆయన మాట వినలేదు. ఆ అమ్మాయి సంచీని తల మీదికి ఎత్తుకుంది. బట్టలు నడుం దాకా తడిసిపోయాయి. స్టాఫ్ రూము కిటికీలోంచి ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆ మధ్యాహ్నమే ప్రిన్సిపాల్ చెల్లెలిని పిలిచాడు.

"రేపు ఇతర కాలేజీలవాళ్ళు వస్తున్నారు. మన కొలతని వాళ్ళూ తీసుకుంటామని సంతకాలు పెడతారు. అప్పటికి ఈ గొడవ సద్దుమణగాలి. రిపోర్టు మళ్ళీ దిద్దిద్దాం. కొత్తగా ఇద్దరి చేత, మీరూ లెక్కల మాస్టారూ. న్యాయంగా ఉంటుంది కదా?"

"సార్, మేమిద్దరం ఆ శిక్షణలో ఉన్నాం. ఆ రిపోర్టు మాకు..."

"శిక్షణలో లేనివాళ్ళు కాలేజీలో ఎవరున్నారమ్మా? శిక్షణ లేనివాళ్ళు దిద్దకూడదని నియమం పెట్టింది మీ అక్కగారే."

చెల్లెల్ని ఒక ఖాళీ క్లాసులో కూర్చోబెట్టారు. రిపోర్టు మళ్ళీ మొదటి నుంచీ చదివింది. ఒక ముసలమ్మ పొద్దుటి మాత్రల అట్టకు దారం కట్టుకుంది, రాత్రి మాత్రలకు కట్టుకోలేదు. ఒక తాత తెల్ల మాత్రలన్నీ ఒకటేననుకుని ఏది దొరికితే అది వేసుకుంటున్నాడు. కంపెనీ మాత్ర రంగు మార్చేసరికి ఒకావిడ మందే మానేసింది. వాక్యాలు ఒకదాని మీద ఒకటి తూలిపడుతున్నాయి. కానీ ఈ సంగతులు ఏ పుస్తకంలోంచీ ఎత్తి రాసినవి కావు.

పెన్సిలు మూడు అంకె దగ్గర ఆగింది. ఇద్దరి మార్కులకీ మధ్య రెండు తేడా వస్తే మూడో మనిషి దిద్దుతారు. ఆ మూడో మనిషి అక్క. తేడా వేసినవాళ్ళ పేరు పక్కన 'సమన్వయం లేదు' అని పడుతుంది. పర్మనెంట్ చేసేవాళ్ళు అన్నిటికన్నా ముందు చూసేది అదే. చెల్లెలు అద్దె లేకుండా ఉంటున్నది అక్క మేడ మీద వాటాలో. తన పాప బడికి వెళ్ళేది అక్క కారులో. మొగుడు వదిలేసి వెళ్ళిన దగ్గర నుంచీ ఆమె కాలు మోపిన నేలంతా అక్కదే.

ఆమె ఒకటి వేసింది.

తలుపు దగ్గర లెక్కల మాస్టారు ఎదురయ్యాడు. ఆయన ఎప్పుడో ముగించి పళ్ళు కుట్టుకుంటున్నాడు. "కలిశాయా వేళ్ళు?" అని కన్ను గీటాడు.

సాయంత్రం లోపే ఆ వార్త ఆ అమ్మాయికి చెప్పేశారు. నలుగురు దిద్దారు, నలుగురూ ఒకటే వేశారు అని. ఆ అమ్మాయి తడి బట్టల్లోనే విని, "ఆ నలుగురూ ఎవరి దగ్గర నేర్చుకున్నారు?" అని అడిగిందట. గుమాస్తా అది స్టాఫ్ రూములో అభినయించి మరీ చూపించాడు.

*

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అక్క మర్నాటి చీర ఇస్త్రీ చేసుకుంటోంది. పాప ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని హోంవర్కు చేస్తోంది. బావ కుర్చీలో వెనక్కి వాలి పేపరు చదువుతున్నాడు.

"రా మరదలా," అన్నాడు బావ. "మీ అక్క నాకూ మార్కులు వేసింది. కాఫీలో రెండు, కబుర్లలో ఒకటి. అప్పీలుకి ఎక్కడికి పోవాలో తెలియక చస్తున్నాను."

"మీకు ఒకటి కూడా ఎక్కువే," అంది అక్క. "పాపా, అక్కడ కొట్టివేతలు వద్దు, చక్కగా రబ్బరుతో తుడిచి మళ్ళీ రాయి."

"అలాగే పెద్దమ్మా."

బావ పేపరు మడిచి బయటికి వెళ్ళేదాకా చెల్లెలు ఆగింది.

"అక్కా, ఆ రిపోర్టు పాత బ్యాచ్‌ది కాదు."

"కాదు." అక్క చీర మడత తిప్పింది. "ఈ ఏడాదిదే."

ఇంత తేలిగ్గా ఒప్పుకుంటుందని చెల్లెలు అనుకోలేదు. "పొరపాటున కలిసిపోయిందా?"

"పొరపాటేం కాదు. పాత బ్యాచ్‌లన్నీ తిరగేశాను. తప్పినవాడు ఒక్కడూ లేడు. మనవాళ్ళ సంగతి తెలుసుగా, మొహమాటానికి అందరికీ పాస్ మార్కులు వేసి పంపేసేవాళ్ళు. ఒకటి అంటే ఇలా ఉంటుందని చూపించకపోతే శిక్షణ ఎలా ఇవ్వను? అందుకని ఈ ఏడాది కట్టలోంచి ఏరాను."

"ఏరితే ఏరావు, తర్వాత దిద్దే కట్టలోంచి తీసెయ్యాలిగా!"

అక్క ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. "తీస్తే మొత్తం కాలేజీలో ఒక్క ఒకటి కూడా ఉండదే. అందరూ పాసే. ఎవర్నీ తప్పించలేని కొలతను ఎవరు నమ్ముతారు? రేపు వచ్చేవాళ్ళు ముందు అడిగేది అదే. మీ పద్ధతిలో ఎవరైనా తప్పారా అని. ఇప్పుడు చూపిస్తాను. ఒకళ్ళు తప్పారు, దిద్దినవాళ్ళందరూ ఒకే మాట మీద ఉన్నారు అని."

"అన్ని రిపోర్టుల్లో ఆ పిల్లదే ఎందుకు?"

"భాష బాగోలేదు. వెనకాల అడిగేవాళ్ళు లేరు. ఎప్పుడూ వెనక బెంచీలో తలొంచుకుని కూర్చునే పిల్ల. అడగదనుకున్నాను." అక్క మొదటిసారి కాస్త చిరాకు పడింది. "అదొక్కటే తప్పు లెక్క వేశాను."

పాప తలెత్తి ఇద్దరినీ చూసి మళ్ళీ పుస్తకంలోకి వంగింది.

"రేపు అటెండరు ఒప్పుకుంటాడు, నమూనాల కట్టా అసలు కట్టా తనే కలిపేశానని. ప్రిన్సిపాల్ మాట్లాడేశారు. రిటైరయ్యేముందు గొడవెందుకని ఆయనా సరేనన్నాడు. గదికి కట్టలు మోసింది ఆయనే కదా. నువ్వు చూశావని చెప్పు, చాలు. అబద్ధం కూడా కాదు." అక్క చీరను హ్యాంగరుకు వేసి, వేళ్ళతో అంచులు సరిచేసింది. "నీ ఆర్డరు మీద రేపే సంతకం. పాపని వచ్చే ఏడాది మంచి బళ్ళో వేద్దాం. అన్నం తినే వెళ్ళండి, మళ్ళీ పైకెళ్ళి ఏం వండుతావు?"

చెల్లెలు తింది. ముద్ద దిగలేదని చెప్పడానికి లేదు. దిగింది.

*

మూడో రోజు అతిథులు వచ్చేసరికి ఆ అమ్మాయి అక్కడే ఉంది. స్నేహితురాలి దగ్గర బట్టలు అడిగి కట్టుకున్నట్టుంది, కుర్తా చేతులు మణికట్టు దాటి వేలాడుతున్నాయి. వచ్చినవాళ్ళలో పెద్దావిడ ఒకామె, పొరుగు కాలేజీ ప్రిన్సిపాలు, గుమ్మంలో ఆగిపోయింది.

"ఎవరీ అమ్మాయి?"

"ఏం లేదు మేడమ్, చిన్న విషయం," అన్నాడు ప్రిన్సిపాల్.

"నాకు ఒకటి వేసింది ఎవరో చెప్పమంటున్నానండి," అంది ఆ అమ్మాయి.

పెద్దావిడకు జాలి కలిగిందో లేదో తెలియదు, చిరాకు మాత్రం కలిగింది. "ముందు ఈ పిల్ల సంగతి తేల్చండి. మీ పద్ధతి తీసుకున్నాక రేపు మా గుమ్మంలోనూ ఒకళ్ళు ఇలాగే కూర్చుంటే నేనేం చెప్పాలి?"

సమావేశం గదిలో పొడవాటి బల్ల. ఒకవైపు అతిథులు, ఒకవైపు కాలేజీవాళ్ళు. అక్క మధ్యలో కూర్చుంది, చీర మీద ఒక్క ముడత లేదు. చెల్లెలికి పక్క కుర్చీ. ఆ అమ్మాయిని బల్ల చివర నిలబెట్టారు. అటెండరు తలుపు దగ్గర నిలబడ్డాడు, చేతిలో టోపీ నలుపుతూ.

ప్రిన్సిపాల్ గొంతు సవరించుకున్నాడు. "విచారణ చేశాం. నమూనాగా పెట్టకూడని రిపోర్టు ఒకటి పొరపాటున నమూనాల్లో కలిసింది. కలిపిన మనిషి ఒప్పుకున్నాడు. చెప్పవయ్యా."

"నేనేనండి," అన్నాడు అటెండరు నేల చూస్తూ. "రెండు కట్టలూ ఒకే చంకలో పెట్టుకున్నాను. జారాయి. ఎత్తేటప్పుడు కలిసిపోయాయి."

"ఆయన మీద చర్య తీసుకుంటాం. మార్కు విషయానికొస్తే, తర్వాత నలుగురు దిద్దారు, నలుగురూ ఒకటే. కాబట్టి అది మారదు. ఇక వెళ్ళమ్మా."

ఆ అమ్మాయి అటెండరు వైపు తిరిగింది. "తాతా, నా రిపోర్టు చదివారా?"

"లేదమ్మా. నాకు అంత చదువెక్కడిది?"

"మరి అది నాలుగు అని కాకుండా, మూడు అని కాకుండా, ఒకటి అని ఎవరికి చెప్పారు?"

ఆయన టోపీ ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. ప్రిన్సిపాల్ వైపు చూశాడు. ఏం చెప్పాలో ఆయనకు ఎవరూ నేర్పలేదు.

"కట్టలు జారితే రిపోర్టు కలుస్తుంది," అంది ఆ అమ్మాయి. "దాని మీద మార్కు ఎలా కలుస్తుంది? శిక్షణకి ముందే ఎవరో చదివారు. చదివి, ఇది ఒకటి అనుకున్నారు. నేను అడుగుతున్నది వాళ్ళనే."

పెద్దావిడ కలం మూత పెట్టింది. "ఆ అమ్మాయి అడిగేది సబబుగానే ఉంది. నమూనాలు ఎంచేది ఎవరు?"

"కమిటీ అండి," అంది అక్క తొణకకుండా. "అందరం కలిసి చేసే పని. ఎవరో ఒకరి పేరు చెప్పడం ఈ పద్ధతిలో ఉండదు. ఉండకూడదనే కదా మనం ఇంత కష్టపడింది." తర్వాత చెల్లెలి వైపు తిరిగి చిరునవ్వు నవ్వింది. "కట్టలు ఆయన మోసుకురావడం చూసినవాళ్ళు కూడా ఉన్నారు. చెప్పమ్మా."

బల్ల కింద అక్క చెయ్యి వచ్చి ఆమె చేతి మీద పడింది. వెచ్చగా ఉంది.

చెల్లెలు అటెండరును చూసింది. ఆయన ఆమె వైపు ఆశగా చూస్తున్నాడు, త్వరగా చెప్పేస్తే వెళ్ళిపోదామన్నట్టు. పాప ఈపాటికి అక్క కారులో బడికి చేరి ఉంటుంది. సాయంత్రం ఎవరు తెస్తారో తెలియదు. రాత్రికి ఎక్కడ పడుకుంటారో తెలియదు.

"చూశాను," అంది. "ఆయనే మోశాడు. తాళ్ళు కట్టి ఉన్నాయి, ఏదీ జారలేదు."

ప్రిన్సిపాల్ కుర్చీ కిర్రుమంది. లెక్కల మాస్టారు గోళ్ళు చూసుకోవడం మొదలుపెట్టాడు.

"చెల్లెలుగారూ, మీకు ఒంట్లో బాగోలేదేమో..." అన్నాడు ప్రిన్సిపాల్.

"నిన్న మళ్ళీ దిద్దినప్పుడు ఒకటి వేసినవాళ్ళలో నేనూ ఉన్నాను. అది మూడు మార్కుల రిపోర్టు. తెలిసే ఒకటి వేశాను, నా ఉద్యోగం కోసం." ఆమె ఆ అమ్మాయి మొహంలోకి చూడలేక, చేతులు దాటి వేలాడుతున్న ఆ అరువు బట్టల వైపు చూస్తూ మాట్లాడింది. "కానీ నువ్వు అడిగేది నన్ను కాదు."

చేతి మీది చెయ్యి బిగిసింది. గోళ్ళు దిగుతున్నాయి. అక్క మొహంలో నవ్వు అలాగే ఉంది.

"మరి ఎవరు?" అంది పెద్దావిడ.

"మేడమ్ నాకూ చెప్పండి," అంది ఆ అమ్మాయి. మూడు రోజుల్లో మొదటిసారి ఆమె గొంతు పెంచింది. "ఎవరు?"

చెల్లెలు చెయ్యి విడిపించుకుని లేచి నిలబడింది.

"కాలేజీలో ఎవరో ఒకళ్ళు తప్పాలని, నువ్వైతే నోరెత్తవని, నీ రిపోర్టుని ఒకటిగా ఏరి, దిద్దే కట్టలోనే వదిలేసింది మా అక్క."